సొంతగడ్డ ఊరవతలికి పోతే

హాస్టల్ నుంచి నడిచి వెళ్లి చూసే ఆట వేరు, కారెక్కి మరో రాష్ట్రానికి వెళ్లి చూసే ఆట వేరు. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ అభిమానులకు 2024లో ఈ తేడా బాగా తెలిసొచ్చింది. లారెన్స్‌లోని సొంత స్టేడియాన్ని పునర్నిర్మిస్తుండటంతో విశ్వవిద్యాలయ జట్ల లీగ్ అయిన బిగ్ 12 పోటీల్లో 'సొంతగడ్డ' మ్యాచ్‌లు నాలుగూ మిస్సోరీలోని యారోహెడ్‌లో జరిగాయి. ప్రొఫెషనల్ జట్టు చీఫ్స్‌ది ఆ స్టేడియం. సుమారు 76 వేల సీట్లు. కాన్సస్‌కు చిరకాల ప్రత్యర్థి ఉన్న రాష్ట్రం కూడా అదే!

1921లో మొదలైన లారెన్స్ మైదానం మొదటి ప్రపంచ యుద్ధంలో అసువులు బాసినవారి స్మారకం. పక్కనే గుట్ట, దానిమీద గంటల గోపురం. ఆట రోజున ఊరంతా అటే కదులుతుంది. ఆ సందడిని ఎంత పెద్ద స్టేడియమూ అద్దెకివ్వలేదు. అయినా అభిమానులు తరలివెళ్లారు. అక్కడే తమ జట్టు ర్యాంకుల్లో ఉన్న అయోవా స్టేట్, కొలరాడో జట్లను ఓడించడం కళ్లారా చూశారు. వారి నిబద్ధతకు జోహార్లు.

కానీ ఆ నిబద్ధతను విశ్వవిద్యాలయాలు అలుసుగా తీసుకోకూడదు. కారు లేని విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలూ ఎందరో ఉంటారు. మైదానం మార్చే ముందే వారికి ఉచిత బస్సులు, మైదానానికి దగ్గరి సీట్లు ఖాయం చేయాలి. టికెట్ల అమ్మకం ఆ తర్వాతే మొదలుపెట్టాలి.