ఖాళీ కబురు

సంక్రాంతి ముందు మా మేనమామ గేదెకు సూది వేయించాడు. మళ్లీ ఎదకు వచ్చినట్టు కనపడలేదు. చూడి కట్టిందనుకుని దాణా పెంచాడు. మూడు నెలలకు డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "ఖాళీగానే ఉందయ్యా" అన్నాడు. గేదెలది మూగ ఎద. అరవదు, తీగలు సరిగా వెయ్యదు, ఎండలు ముదిరితే మరీనూ. 21 రోజులకోసారి వచ్చే అదను నాలుగుసార్లు వచ్చి, ఎవరి కంటా పడకుండా పోయింది.

నెల దాటగానే స్కానింగ్ చేయిస్తే ఈ సంగతి అప్పుడే బయటపడేది. ప్రోబును మనుషులకు మల్లే పొట్ట మీద పెట్టరు; పొడుగు గ్లౌజు తొడుక్కుని, పేడ వచ్చే దారిలోంచి గర్భసంచి దాకా తీసుకెళ్తారు. తెర మీద ఎముక తెల్లగా, నీరు నల్లగా కనపడుతుంది. చూడిదైతే ఆ నల్లటి నీటిలో ఒక మినుకు. పిండం గుండె అది. చేతికి తెలియాలంటే నెలన్నర, రెండు నెలలు ఆగాలి.

చూడి తేలుస్తుందని అందరూ ఈ మిషన్ను మెచ్చుకుంటారు. నాకైతే దాని విలువంతా "లేదు" అనడంలోనే ఉంది. చూడి గేదె సంగతి ఎప్పుడు తెలిసినా అది ఈనేది పది నెలలకే. ఖాళీ గేదె సంగతి వేరు. తిండి తింటూనే ఉంటుంది, పాలు తగ్గుతూనే ఉంటాయి. అండాశయంలో నీటి తిత్తి ఉందా, అసలు కదలికే లేదా అన్నదీ అదే తెర చూపిస్తుంది కనుక వైద్యం ఆ రోజే మొదలెట్టొచ్చు. లేకపోతే మంచి గేదె కూడా గొడ్డుదని ముద్ర పడి సంతకు పోతుంది.

అయితే నెలకు కనిపించిన చూడి అంతా నిలవదు. రెండు నెలలు దాటాక ఇంకోసారి చూపించుకోవాలి. అప్పుడు పెయ్యో దున్నో కూడా చెప్పగలరు. మనుషుల్లో ఆ ప్రశ్న అడగడమే 1994 చట్టం కింద నేరం. ఆడపిల్లని తెలిస్తే ఉంచరని భయం. కొట్టంలో మాత్రం పెయ్య పుట్టాలనే మొక్కుకుంటారు!

1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్యం బండి ఊళ్లోకే వస్తున్న కాలమిది. ఆ బండిలో ఒక ప్రోబు, ఆ బూడిదరంగు మచ్చల్ని చదవగల డాక్టరు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

మామ ఈసారి సూది వేయించిన తేదీని కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. ఇవాళ్టికి ముప్పై రెండు రోజులు. పక్క మండలం డాక్టరు మిషన్ తీసుకుని గురువారం వస్తానన్నాడు.