పాటలలో దాగిన చరిత్ర

చరిత్ర అనగా రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అని మనం పరీక్షల కోసం వల్లె వేస్తున్నాము. ప్రాచీన చైనా గీత సంకలనమైన ‘షీ జింగ్’ ఈ భ్రమను తొలగించగలదు. స్థూలంగా క్రీస్తు పూర్వం 11వ శతాబ్దికీ 6వ శతాబ్దికీ నడుమ పుట్టిన 305 గీతాలు అందులో ఉన్నవి. వాటిలో 160 వివిధ రాజ్యాల ప్రాంతీయ గీతాలు. ఒక గీతం పట్టుపురుగుల పెంపకం, కోతలు, దొరల కోసం వేట మొదలైన రైతు కుటుంబపు ఏడాది చాకిరీని వివరిస్తుంది. మరొకటి ధాన్యం మెక్కే పెద్ద ఎలుకను నిందిస్తుంది. అది పన్నుల భారంపై నిరసన అని పూర్వ వ్యాఖ్యాతలే చెప్పారు.

ఈ పాటలు ఆస్థాన గాయకుల, పండితుల చేతుల మీదుగా వచ్చినవి. కనుక పామరుని గొంతు యథాతథంగా వినిపిస్తున్నదని అనలేము. అయినను ఆ ఆకలి, ఆ అలసట వాటిలో మిగిలియే ఉన్నవి. కావున చరిత్ర తరగతిలో కవిత్వానికి కూడ చోటు కల్పించవలసినదిగా కళాశాల కమిటీ వారికి సవినయంగా మనవి చేస్తున్నాము.