‘ఇంకా తెలియదు’ కూడా ఒక పాఠమే

గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నా ఎదురుగా కూర్చుని, ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి, నవ్వుతూనే అడిగారు. "సార్, మా పాప క్లాసులో ఏదో అడిగితే మీరు తెలియదన్నారట కదా?"

పాప తొమ్మిదో తరగతి. భూమి పైపొర పలకలుగా విడిపోయి ఉందనీ, అవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతున్నాయనీ చెబుతుంటే చెయ్యెత్తింది. "సార్, ఇవి కదలడం ఎప్పుడు మొదలైంది?" నేనన్నాను, "కచ్చితంగా ఎవరికీ తెలియదమ్మా, ఇంకా వాదన నడుస్తోంది." తర్వాత అరగంట క్లాసంతా ఆ వాదన గురించే మాట్లాడుకున్నాం. ఇల్లు చేరేసరికి అది "సార్‌కి తెలియదట" అయిపోయింది!

ఆ తండ్రిగారి అసలు బాధ అరగంట గురించి. "పరీక్షలో రానిదానికి అంత టైమెందుకు సార్?" అన్నారు. అలా అడిగే హక్కు ఫీజు కట్టే ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. అందుకే జవాబు అందరికీ రాస్తున్నాను. ముందుగా, ఆ అరగంటలో పిల్లలు ఏం విన్నారో చెప్పాలి.

సముద్రాల అడుగున ఉండేది బసాల్ట్. నల్లగా, బరువుగా ఉంటుంది. అక్కడ భూపటలం మందం 7 కిలోమీటర్లే. ఖండాల్లో ఎక్కువగా ఉండేవి గ్రానైట్ జాతి రాళ్లు. ఇవి కాస్త తేలిక. ఇక్కడ మందం 35 నుంచి 40 కిలోమీటర్లు. సముద్రపు పలక కాలక్రమంలో చల్లబడి, బరువెక్కి, మళ్లీ భూమి లోపలికి దిగిపోతుంది. అందుకే నేటి సముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లకు మించిన రాయి దాదాపు దొరకదు. ఖండం తేలిక కాబట్టి అంత సులభంగా మునగదు. 454 కోట్ల ఏళ్ల భూమి బాల్యం గురించి తెలుసుకోవాలంటే ఖండాల రాళ్లనే అడగాలి.

మరి ఆ గ్రానైట్ ఎలా తయారైంది? పాల నుంచి నేరుగా నెయ్యి రాదు. ముందు వెన్న తీయాలి, ఆ వెన్నను మళ్లీ కాచాలి. ఇక్కడా అంతే. భూమి లోపలి ప్రావారం కొంతమేర కరిగితే వచ్చేది బసాల్ట్. ఆ బసాల్ట్ నీటిని పీల్చుకుని, లోతుకు చేరి, మళ్లీ కొంతమేర కరిగితేనే గ్రానైట్ జాతి శిల పుడుతుంది. నీరుంటే రాయి తక్కువ వేడికే కరుగుతుంది.

ఇంతవరకూ పెద్దగా తగాదా లేదు. నీరు పట్టిన ఆ బసాల్ట్ అంత లోతుకు ఎలా చేరిందన్నదే తగాదా. ఇప్పటిలాగే ఒక పలక మరో పలక కిందికి దిగి తీసుకెళ్లిందని ఒక పక్షం అంటుంది. అప్పటి భూమి లోపల వేడి చాలా ఎక్కువ, లావా పొరల మీద పొరలుగా పేరుకుని, ఆ బరువుకు అడుగు పొరలు కిందికి కుంగి కరిగాయి, పలకల కదలికతో పని లేదని రెండో పక్షం అంటుంది.

సాక్ష్యాలు కూడా తలోవైపు లాగుతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో ఇసుక రేణువంత జిర్కాన్ స్ఫటికాలు దొరికాయి. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియంను లోనికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత ఆ యురేనియం లెక్కప్రకారం సీసంగా మారుతుంది. రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే వయసు తెలుస్తుంది. అలా తేలిన వయసు, వాటిలో అతి పాతవాటికి, సుమారు 440 కోట్ల ఏళ్లు. వీటిని చూసి పలకలు 400 కోట్ల ఏళ్లకు ముందే కదిలాయని కొందరంటారు. వజ్రాల్లో చిక్కుకున్న ఖనిజపు నలుసులను పరిశీలించినవారు, సముద్రపు అడుగు నుంచి దిగినట్టు కనిపించేవి సుమారు 300 కోట్ల ఏళ్ల నుంచే ఉన్నాయని 2011లో చెప్పారు. చల్లటి పలక లోతుకు దిగితేనే ఏర్పడే నీలి రంగు శిస్టు రాళ్లు 100 కోట్ల ఏళ్లకు ముందు దాదాపు కనిపించవు కాబట్టి, ఇప్పటి తరహా కదలిక ఆ తర్వాతే మొదలైందని మరికొందరి వాదన.

ఈ వాదనలో మన రాళ్లకూ చోటుంది. హైదరాబాద్ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఇవి రాయలసీమ, కర్ణాటకల దాకా పరుచుకున్న ధార్వార్ అనే పురాతన ఖండభాగంలోవి. అదే భాగంలో, గద్వాల ప్రాంతపు పాత లావా పొరల్లో, మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు బోనినైట్ అనే అరుదైన రాయిని గుర్తించారు. జపాన్ వారి బోనిన్ దీవుల వల్ల వచ్చిన పేరది. ఈ కాలంలో ఆ రాయి ముఖ్యంగా పలక కిందికి దిగే చోట్ల పుడుతుంది. కాబట్టి గద్వాలలోనూ అప్పట్లో అదే జరిగిందని ఒక వాదన. భూమి అంత వేడిగా ఉన్న రోజులకు ఇప్పటి గుర్తు పనికొస్తుందా అన్నది ఎదుటి పక్షం ప్రశ్న.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్నకు నా జవాబు. పోటీ పరీక్షల్లో నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైనది. ఆ సాధన అవసరమే, మేమూ చేయిస్తున్నాం. కానీ ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అదొక్కటే చేయిస్తే, ప్రతి ప్రశ్నకూ ఎక్కడో ఒక కీ ఉంటుందని పిల్లలు నమ్ముతారు. ‘నాకు తెలియదు’ వేరు, ‘ఇంకా ఎవరికీ తెలియదు’ వేరు. మొదటిదానికి పుస్తకం తీయాలి, రెండోదానికి సాక్ష్యం వెతకాలి. ఈ తేడా తెలియని పిల్లలు జవాబు రానప్పుడల్లా తమనే తప్పుపట్టుకుంటారు. మార్కులు బాగా వచ్చే పిల్లల్లోనే ఈ భయం నేను ఎక్కువగా చూస్తున్నాను. చెయ్యెత్తడం ముందు మానేసేది వాళ్లే.

ఖండాలు కదులుతాయని వెగెనర్ 1912లో చెప్పినప్పుడు ఎక్కువమంది ఒప్పుకోలేదు. అవి ఏ శక్తితో కదులుతాయో ఆయన సరిగ్గా చూపలేకపోయారు. 1960లలో సముద్రగర్భం నుంచి కొత్త సాక్ష్యాలు వచ్చాక అదే ఆలోచన కొత్త రూపంలో నిలబడింది. ఈరోజు మన పిల్లలు రెండు మార్కులకు రాసే జవాబు, ఒకప్పుడు యాభై ఏళ్లు తేలని తగాదా.

మీ వంతుగా ఒక చిన్న పని చేయండి. స్కూల్ నుంచి రాగానే "ఎన్ని మార్కులు?" అని అడిగేచోట, వారానికి ఒక్కరోజు "ఈరోజు ఏం అడిగావు?" అనండి. హైదరాబాద్ వాళ్లయితే, ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ల కోసం పేల్చేయని బండ ఏదైనా మిగిలి ఉంటే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. వికారాబాద్ వైపు వెళ్తే నల్లటి బసాల్ట్ కూడా కనిపిస్తుంది, వయసు 6.6 కోట్ల ఏళ్లు. రెండు రాళ్లూ చేత్తో తాకి పోల్చి చూడమనండి. "ఇది ఇంత పాతదని మనకెలా తెలుసు?" అని వాళ్లే అడుగుతారు. మీకు తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఇద్దరూ కలిసి వెతకండి.

లేచేముందు ఆ తండ్రిగారు, "ఇంతకీ మీరు ఏ పక్షం సార్?" అన్నారు. ప్రస్తుతానికి 300 కోట్ల పక్షమని చెప్పాను. మంచి సాక్ష్యం వస్తే మారతానని కూడా చెప్పాను. పాప పక్కనే నిలబడి వింటోంది. సోమవారం క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తింది తనే.

(వ్యాసకర్త మా హైదరాబాద్ బ్రాంచిలో హైస్కూల్ సోషల్ ఉపాధ్యాయులు)