అరిసెలు సరే, కట్నం మాటేమిటి?

సంపాదకులకు,

విశ్వాసులు లోకానికి దూరంగా ఉండాలంటూ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ముగ్గు, మామిడి తోరణం, సినిమా, సంక్రాంతికి పక్కింటివాళ్లిచ్చే అరిసెలు, అన్నిటినీ రచయిత ఒకే గాటన కట్టేశారు. అరిసెల సంగతి పౌలు ఎప్పుడో తేల్చాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయం చూడండి: అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టింది ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది విగ్రహానికి పెట్టిందని ఎవరైనా చెబితే మానమన్నాడు. కాబట్టి ప్రసాదం వద్దనేవాళ్లను నేను తప్పుపట్టను. కాకపోతే వద్దనడానికీ ఓ మర్యాద ఉంటుంది. గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డ మనిషికి వాక్యం చెప్పనక్కర్లేదు.

తెలుగు క్రైస్తవం మడి కట్టుకుని పెరగలేదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు మన రాగాల్లోనే కట్టారు. అజరయ్య బిషప్పు దోర్నకల్‌లో కట్టించగా 1939లో ప్రతిష్ఠ జరిగిన దేవాలయంలో గుడి స్తంభాలూ కనిపిస్తాయి, మసీదు గుమ్మటాలూ కనిపిస్తాయి. 'గబ్బిలం'తో కాశీ శివుడికి మొర పంపిన జాషువాయే 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

లోకాన్ని మనం నిజంగా నట్టింట్లోకి తెచ్చుకున్నది మరోచోట. తాళికి సిలువ గుర్తు వేయిస్తాం, పెళ్లికూతురికి బొట్టు వద్దంటాం, కట్నం మాత్రం లెక్కపెట్టి తీసుకుంటాం. పెళ్లి ప్రకటనల్లో 'క్రైస్తవ' అన్నదాని పక్కనే కులం పేరు. వీటి గురించి వ్యాసకర్త ఒక్క ముక్కా రాయలేదు. వచ్చే సంచికలో రాస్తారా?

– ఒక పాఠకురాలు, ఖమ్మం