వంపా, మలుపా?

కాంతి గాజుదిమ్మెలో "వంగుతుంది" అని తెలుగులో రాసేవారితో నాకొక పేచీ ఉంది. వక్రీభవనం అన్న పారిభాషిక పదంతో కాదు, దాన్ని విడమరచేటప్పుడు మనం వాడే క్రియతోనే.

సంస్కృతంలో వక్రమంటే వంకర. అది వంపైనా కావచ్చు, మలుపైనా కావచ్చు. కానీ మన విద్యార్థి గణితంలో వక్రరేఖ అంటే విల్లులా వంగిన గీత అని నేర్చుకుని వస్తాడు. అలాంటివాడికి వక్రీభవనమంటే కాంతి వంగడమని చెబితే, గాజు లోపల కిరణం కూడా విల్లులాగే సాగుతుందని అనుకోవడంలో అతడి దోషమేముంది?

పదో తరగతి ప్రయోగం గుర్తుచేసుకోండి. తెల్లకాగితం మీద గాజుదిమ్మె, ఇవతల రెండు గుండుసూదులు, అవతల రెండు. నాలుగూ ఒకే వరుసలో కనిపించేట్టు గుచ్చి, దిమ్మె తీసి గీతలు కలిపితే తేలేవి మూడు సరళరేఖలు, రెండు మలుపులు. లోపలి గీతను మనమే స్కేలుతో కలిపాం కదా అని పిల్లవాడు అడగవచ్చు. అడగాలి కూడా. అప్పుడు నీళ్ళతొట్టెలో నాలుగు చుక్కల పాలు కలిపి, లేజరు దీపం ఏటవాలుగా వేసి చూపండి. నీటిలోపల కిరణం తిన్నగా పోవడం కంటికే కనిపిస్తుంది.

కారణం చెప్పడానికి ఎడ్లబండి చాలు. గట్టి బాట నుంచి ఏటవాలుగా ఇసుకలోకి దిగే బండికి ఒక చక్రం ముందుగా మందగిస్తుంది, బండి అటు మళ్ళుతుంది. రెండు చక్రాలూ దిగాక వేగం తగ్గినా నడక తిన్నగానే. అవతలి గట్టున మొదట దిగిన చక్రమే మొదట బయటపడుతుంది, బండి మళ్ళీ పాత దిక్కుకే తిరుగుతుంది, కాస్త పక్కకు జరిగి. గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి సాధారణ గాజులో 2 లక్షలే పోతుంది. 45 డిగ్రీల కోణంలో పడిన కిరణం లోపల 28 డిగ్రీలకు మళ్ళి, 6 సెంటీమీటర్ల దిమ్మె దాటేసరికి దాదాపు 2 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. పుస్తకాలు పార్శ్వ విస్థాపనం అనేది దీన్నే. ఈ మాట మాత్రం ఎంతో పొందికైనది.

నిజంగా వంగే కాంతి లేకపోలేదు. వేసవిలో నేలను ఆనుకున్న వేడిగాలి సాంద్రత పొరపొరకూ మారుతుంది కనుక ఎండమావిలో కిరణం క్రమంగా వంగుతుంది. "వంగు"ను అక్కడ వాడుకుందాం. హిందీవారు అపవర్తన్ అన్నారు, అంటే పక్కకు మళ్ళడమే. మనకు పదం మార్చే పని లేదు, వివరణలో "మళ్ళు" అంటే సరిపోతుంది. అంతకంటే మెరుగైన క్రియ ఎవరికైనా తోస్తే చెప్పగలరు.