లిస్టు కాదు, అపాయింట్‌మెంట్ కావాలి!

ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల సంచులు మోసుకెళ్తున్న తెలుగు సోదర సోదరీమణులారా!

ఇది చీరల సేలు కాగితం కాదు. ఇంటి లోను ప్రకటన అంతకన్నా కాదు. కారు అద్దానికి గుచ్చి పోకుండా మీ చేతికే ఇస్తున్నామంటే, ఇందులో సంగతి మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు గనక.

మన న్యూజెర్సీలో, ఈ ఎడిసన్‌లో, ఐసెలిన్‌లో, పిస్కాటవేలో పగలు పదింటికి మన ఇళ్లు ఎలా ఉంటాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కొడుకూ కోడలూ ఆఫీసుకి. పిల్లలు స్కూలుకి. మిగిలింది పెద్దాయన ఒక్కరే. భార్య పోయి ఏడాది దాటింది. కారు నడపడం రాదు. కాసేపు నడిచొద్దామంటే కాలినడకన చేరే చోటు లేదు. యూట్యూబ్‌లో ప్రవచనం దాని పాటికది సాగుతూ ఉంటుంది. "ఎలా ఉన్నారు మామయ్యా?" అని కోడలు అడిగితే "నాకేమ్మా, నిక్షేపంలా ఉన్నాను" అంటారు. రాత్రి రెండింటికి వంటింట్లో లైటు వెలుగుతుంది. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. వయసు మీద పడింది కదా అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం.

వయసు కాదండీ, దిగులు. దానికి వైద్యం ఉంది. ఆ వైద్యానికి డబ్బు కట్టే ప్రభుత్వ బీమా కార్డు, మెడికెయిడో మెడికెయిరో, కూడా చాలామంది పెద్దవాళ్ల పర్సులో ఇప్పటికే ఉంది. ఆ కార్డు తీసుకుని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడే మనిషే దొరకడం లేదు.

ఆ మనిషి ఈ దేశంలో చాలాసార్లు క్లినికల్ సోషల్ వర్కర్. సోషల్ వర్కర్ అనగానే మన కళ్ల ముందు రెండు బొమ్మలు కదులుతాయి. ఒకటి, మన ఊళ్లో దుప్పట్లు పంచి పేపర్లో ఫొటో వేయించుకునే పెద్దమనిషి. రెండోది ఇక్కడికొచ్చాక పట్టుకున్న భయం, పిల్లల్ని లాక్కుపోయే గవర్నమెంటు మనిషి. వీళ్లు ఆ రెండూ కాదు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి, మరొకరి పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసి, పరీక్ష రాసి ఎల్‌సీఎస్‌డబ్ల్యూ లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు. మందులు రాయరు. మాటతో వైద్యం చేస్తారు. మీరు చెప్పింది మీ అబ్బాయికి చెప్పరు, గుడి కమిటీ దాకా పోనివ్వరు. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటేనో, పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటేనో మాత్రం చట్టం ప్రకారం బయటికి చెప్పాల్సి వస్తుంది. ఆ మాట మొదటి రోజే వాళ్లే మీతో అంటారు.

మాలో ఒకావిడ వాళ్ల నాన్నగారి కోసం బీమా ప్లాన్ వాళ్లిచ్చిన లిస్టు ముందేసుకుని వరసగా ఫోన్లు చేసింది. మొదటి నెంబరు పళ్ల డాక్టరుది. రెండోది పనిచెయ్యదు. మూడో ఆవిడ రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయింది. నాలుగో చోట కొత్తవాళ్లను చేర్చుకోరు. ఐదో చోట "మెడికెయిడ్ తీసుకుంటాం గానీ మీ ప్లాన్ తీసుకోం" అన్నారు. పదకొండో ఫోను కాగానే ఆ పెద్దాయన కూతురి చేతిలోంచి ఫోను మెల్లగా తీసి పక్కన పెట్టి "వదిలెయ్యమ్మా, నాకేం కాలేదు" అన్నారు. ఈ కాగితం అచ్చు వేయించింది ఆ మాటే.

ఇది ఆమె దురదృష్టం అనుకుంటున్నారేమో. 2023లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ సిబ్బంది మామూలు జనంలా 6 రాష్ట్రాల్లో ప్రైవేటు కంపెనీలు నడిపే 12 మెడికెయిర్ అడ్వాంటేజ్ ప్లాన్ల లిస్టుల్లోంచి 120 నెంబర్లకు మానసిక వైద్యం కోసం ఫోన్ చేశారు. అపాయింట్‌మెంట్ దొరికింది 18 శాతానికి. అదే ఏడు డిసెంబరులో పక్కనున్న న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు ఇలాగే దాదాపు 400 నెంబర్లు తిప్పితే 86 శాతం చోట్ల చుక్కెదురైంది. వీటికి ఇక్కడ దయ్యాల లిస్టులని పేరు. పేరుంటుంది, మనిషి ఉండడు!

ఎందుకిలా? సోషల్ వర్కర్లందరూ డబ్బు మనుషులని మేమనం. మెడికెయిర్ వీళ్లకు డబ్బు కట్టడం మొదలుపెట్టిందే 1990లో. అదైనా, ఒకే పనికి క్లినికల్ సైకాలజిస్టుకు వంద డాలర్లు కడితే సోషల్ వర్కర్‌కు కట్టేది 75. అప్పట్లో రోగి పెట్టుకునే వాటా చూడండి. ఒంటి జబ్బుకు 20 శాతం, మనసు జబ్బుకు 50 శాతం! 2008లో చట్టం చేసి, ఏటా కాస్త తగ్గిస్తూ వస్తే 2014కి గాని ఆ రెండూ ఒకటి కాలేదు. మెడికెయిడ్‌తో రాతకోతలు కూడా ఎక్కువ. ఒక్కరే నడుపుకునే చిన్న ప్రాక్టీసు ఆ బాధ పడలేక నగదు ఇచ్చేవాళ్లకే తలుపు తీస్తోంది. తప్పు పైన ఉంది, దెబ్బ మన పెద్దాయన మీద పడుతోంది.

మన పొరపాటు కూడా ఒకటుంది. వెతకడం మన పని అనుకుంటున్నాం. కాదు! మెడికెయిడ్ ప్లాన్ నడిపే కంపెనీ తన నెట్‌వర్క్‌లో, అంటే తనతో ఒప్పందం ఉన్నవాళ్ల దగ్గర, మీకు కావలసిన వైద్యం ఇవ్వలేకపోతే, నెట్‌వర్క్ బయటివాళ్ల దగ్గరైనా సకాలంలో ఇప్పించి తీరాలి, దానికి మీ దగ్గర అదనంగా వసూలు చేయకూడదు. ఇది ఫెడరల్ నిబంధన. రాష్ట్రం నుంచి నెలనెలా మీ పేరున డబ్బు తీసుకునేది వాళ్లు. లిస్టు చేతికిచ్చి చేతులు దులుపుకుంటే ఊరుకోనక్కర్లేదు.

కాబట్టి కార్డు బయటికి తీయండి.

న్యూజెర్సీ ఫ్యామిలీకేర్ కార్డా? ఈ రాష్ట్రంలో మెడికెయిడ్ పేరు అదే. 2025 జనవరి 1 నుంచి డాక్టరాఫీసులో చూపించుకునే మానసిక వైద్యం చాలామందికి ప్లాన్ల చేతికి వచ్చింది. అంతకుముందు నేరుగా రాష్ట్రమే కట్టేది. అందుకే "మెడికెయిడ్ తీసుకుంటారా?" అని అడిగితే చాలదు, కార్డు మీదున్న ప్లాన్ పేరు చెప్పి "ఇది తీసుకుంటారా? కొత్తవాళ్లను చేర్చుకుంటున్నారా? మొదటి తేదీ ఎప్పుడు?" అని అడగండి. రెండు మూడు చోట్ల కాదంటే ఇక లిస్టు మూసేయండి. కార్డు వెనక మెంబర్ సర్వీసెస్ నెంబరుంటుంది. అక్కడికి చేసి "మీరే వెతికి అపాయింట్‌మెంట్ ఇప్పించండి" అనండి. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, ఫిర్యాదు నెంబరు రాసుకోండి. తేల్చకపోతే గ్రీవెన్స్ పెడుతున్నానని చెప్పండి. సోమవారం కలెక్టరాఫీసు ముందు క్యూ కట్టి గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చిన వాళ్లమే కదా మనం! ఇక్కడ క్యూ కూడా లేదు, ఫోనులోనే పెట్టొచ్చు. వెళ్లడానికి కారు లేకపోతే మెడికెయిడ్ సభ్యులకు వైద్యానికి తీసుకెళ్లే వాహనం కూడా ఏర్పాటు చేయాలి, అదీ అడగండి.

ఎరుపు, తెలుపు, నీలం మెడికెయిర్ కార్డా? అయితే ప్లాన్ల గొడవ లేదు, మెడికెయిర్ తీసుకునే ఏ ఎల్‌సీఎస్‌డబ్ల్యూ దగ్గరికైనా వెళ్లొచ్చు. ఏడాదికి మొదట కొంత సొమ్ము (2025లో అది 257 డాలర్లు ఉండేది) మీది, ఆ తర్వాత 20 శాతం మీరు, మిగతాది మెడికెయిర్. అంతకు మించి ఆ సోషల్ వర్కర్ ఒక్క డాలరు అడగకూడదు. అడ్వాంటేజ్ ప్లాన్ అయితే మళ్లీ నెట్‌వర్కే, పైన చెప్పిన ప్రశ్నలే. తికమకగా ఉంటే రాష్ట్రం తరఫున ఉచితంగా సలహా ఇచ్చే షిప్ కార్యక్రమం నెంబరు 1-800-792-8820.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. గ్రీన్‌కార్డు మీద వరసగా 5 ఏళ్లు ఇక్కడ ఉండి 65 నిండినవాళ్లు, ఈ దేశంలో ఒక్కరోజు ఉద్యోగం చేయకపోయినా, నెలనెలా ప్రీమియం కట్టి మెడికెయిర్ పార్ట్ బి తీసుకోవచ్చు. 2025లో అది నెలకు 185 డాలర్లు ఉండేది. ఐదేళ్లు నిండలేదా, విజిటర్ వీసా మీద వచ్చారా? ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. న్యూ బ్రన్స్‌విక్‌లో ఎరిక్ బి. చాండ్లర్ సెంటర్, పెర్త్ అంబాయ్‌లో జ్యూయిష్ రినైసాన్స్ సెంటర్ అలాంటివే. మెడికెయిడ్, మెడికెయిర్ కార్డులున్నవాళ్లు కూడా అక్కడికి వెళ్లొచ్చు. రట్గర్స్ వాళ్ల మానసిక వైద్య విభాగం నెంబరు 1-800-969-5300.

పిల్లల సంగతి వేరు. పదహారేళ్ల పిల్లాడు గది తలుపు తీయడం లేదు, తిండికి రాడు, చేతుల మీద గాట్లు కనిపించాయి... అప్పుడు ఏ కార్డుందని చూడొద్దు. రాష్ట్రం పిల్లల కోసం నడిపే 1-877-652-7624 నెంబరుకి చేయండి. 24 గంటలూ తీస్తారు, ఇన్సూరెన్సు ఏదైనా, అసలు లేకపోయినా సరే. పెద్దలకైనా పిల్లలకైనా ప్రాణం మీదికి వస్తే 988.

ఇంగ్లీషు రాదని వెనకాడకండి. ఫోను ఎత్తగానే మూడే మాటలు: "ఇంటర్‌ప్రెటర్, తెలుగు, ప్లీజ్." లైన్లోనే ఉండండి, కట్ చేయకండి. ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్లాన్ గానీ ఆసుపత్రి గానీ దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. దయచేసి మనవరాలిని కూర్చోబెట్టి అనువాదం చేయించకండి. బతకాలని లేదన్న మాట ఏ తాతయ్య మనవరాలి నోట చెప్పిస్తాడు?

తెలుగే మాట్లాడే సోషల్ వర్కర్ కావాలంటారా? బంగారంలాంటి కోరిక. డాలస్‌లో ఫలానా ఆవిడ చాలా బాగా మాట్లాడుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపుతారు. మీరు కూర్చున్న రాష్ట్రంలో ఆమెకు లైసెన్సు ఉందా అన్నది ముందు చూడండి. న్యూజెర్సీ లైసెన్సు ఉంటే డాలస్ నుంచైనా వీడియోలో చూడొచ్చు. హైదరాబాద్‌లో ఉన్న కౌన్సెలర్‌కు మెడికెయిడ్ రూపాయి కట్టదు.

ఇక్కడ తెలుగు మాట్లాడే సోషల్ వర్కర్లూ, మీతో ఒక్క మాట. మీ ఫీజు మీ కష్టార్జితం, కాదనం. వారానికి రెండు గంటలు ఈ కార్డులకు తలుపు తీయండి. అన్నం, అప్పడం అన్నంత సులువుగా "మనసు బాగాలేదు" అని తెలుగులో చెప్పుకునే చోటు ఈ కౌంటీలో రెండు మూడుంటే, ఎంతమంది పెద్దవాళ్లు రాత్రి రెండింటికి నిద్రపోతారో మీకే తెలుసు.

తెలుగు సంఘాల పెద్దలారా! సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడుతున్నారు, సంతోషం. ఆ హాల్లోనే ఓ మూల బల్ల వేసి, ఇంగ్లీషు వచ్చిన కుర్రాళ్లను నలుగురిని కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు కార్డులు తెచ్చుకుంటారు. పిల్లలు ఫోన్లు చేస్తారు. ఎత్తని నెంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఆ ప్లాన్‌కూ, మన అసెంబ్లీ సభ్యుల ఆఫీసుకూ పంపండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. వంద కార్డులు ఒకేసారి అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

ఈ కాగితం చించేయకండి, ఫ్రిజ్ మీద అంటించండి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నాన్నగారి పక్కన కూర్చుని, కార్డు తిప్పి, వెనకున్న నెంబరుకు ఫోన్ చేయండి. ఆయన "వదిలెయ్యి" అన్నా వదలొద్దు.

— లిస్టులు నమ్మి ఫోన్లు చేసి అలసిన మీ తోటి తెలుగువాళ్లు

(చదివాక పక్కవారికి ఇవ్వగలరు)