రక్షణ మంత్రి గారికి: కారణం రాయించండి

అయ్యా,

సైన్యంలో చేరేనాడు పరిగెత్తించి, కళ్లూ చెవులూ చూసి ‘ఆరోగ్యవంతుడు’ అని రాసుకున్నది మీ డాక్టర్లే. ఏళ్ల తర్వాత జబ్బుతో ఇంటికి పంపేటప్పుడు ‘దీనికి సైనిక సేవ కారణం కాదు, సేవ వల్ల ముదరనూ లేదు’ అని రాసేదీ వాళ్లే. ఎందుకు కాదో మాత్రం చాలాసార్లు రాయరు. ఆ ఒక్క వాక్యంతో వైకల్య పింఛను పోతుంది.

మూర్ఛ వ్యాధితో 1994లో సైన్యం నుంచి బయటికి పంపిన సైనికుడు ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది: చేరికనాటి రికార్డులో లేని జబ్బు సేవలో వచ్చిందనే భావించాలి, కాదంటే ఆ డాక్టర్ల మెడికల్ బోర్డే కారణాలు చూపాలి. అయినా మాజీ సైనికులు చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ మెట్లెక్కక తప్పడం లేదు. గెలిచినా ప్రభుత్వం పైకోర్టుకు పోవచ్చు. (వకీలు ఫీజు ఏ పింఛనులోంచి కట్టాలో!)

కారణం రాయని బోర్డు నివేదికను, ట్రిబ్యునల్ దాకా పోకముందే, పింఛను నిరాకరణపై చేసుకునే మొదటి అప్పీలులోనే ఆ బోర్డుకు తిప్పి పంపమని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు, చెన్నై